అంజమ్మ జామచెట్టుకు కట్టిన అంట్లు

నేను చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. ఉద్యానవన శాఖ అన్నాను, ఆ తర్వాత ల్యాండ్‌స్కేప్ అన్నాను, చివర్లో హార్టికల్చర్ మేనేజర్ అన్నాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నిజం చెబుతాను. కొమ్మకు వేళ్ళు వచ్చేదాకా ఆగడం, వచ్చాక కూడా ఇంకొన్నాళ్ళు ఆగడం, ఈలోగా ఎవరూ దాన్ని కదపకుండా కాపలా కాయడం. నేను చేసింది ఇదే. మిగతాదంతా ఫైళ్ళు, మీటింగులు. వాటి గురించి రాసి మీ ప్రాణం తీయను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తాము చేతులారా చెడగొట్టినవి మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెడగొట్టినవి రెండు చెబుతాను. మొదటిది తలుచుకుంటే నవ్వొస్తుంది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది, ఆ వెంటనే హమ్మయ్య అనిపిస్తుంది.

హుసేన్ సాబ్ కత్తి

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. డిగ్రీ పట్టుకుని హైదరాబాదు వచ్చి, శేరిలింగంపల్లి వైపు ఒక ప్రభుత్వ నర్సరీలో చేరాను. అప్పుడు అక్కడ చుట్టూ జొన్నచేలు, బండరాళ్ళు తప్ప ఏమీ లేవు. నర్సరీకి పేరుకే నేను అధికారిని. దాన్ని నడిపింది హుసేన్ సాబ్ అనే పెద్ద మాలీ. నన్ను ‘బేటా’ అని పిలిచేవాడు. పని తప్పు చేసిన రోజు మాత్రం ‘ఆఫీసరమ్మా’ అనేవాడు. మొదటి ఏడాదంతా నేను ఆఫీసరమ్మనే.

గాలి అంటు తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. చెట్టు మీదున్న కొమ్మల్లో పెన్సిలంత లావుది ఎంచుకుని, ఒకచోట అంగుళం మేర బెరడును ఉంగరంలా తీసేస్తాం. ఆకులు వండిన ఆహారం బెరడు దారినే కిందికి దిగుతుంది. ఆ దారి తెగితే ఆహారం అక్కడే ఆగిపోతుంది. ఆ చోట తడి నాచు పెట్టి, పైన పాలిథిన్ కాగితం చుట్టి, రెండు కొసలా బిగించి కడితే నెలన్నరకో రెండు నెలలకో లోపల వేళ్ళు పుడతాయి. అప్పుడు కింద కోసి కుండీలో పెడితే అది అచ్చంగా తల్లి చెట్టే. గింజ నాటితే వచ్చేది వేరే చెట్టు, దాని పండు ఎలా ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

వినడానికి ఎంతో తేలికగా ఉంది కదా. నేనూ అలాగే అనుకుని ఒక వానాకాలం దానిమ్మలకు వరసగా అంట్లు కట్టేశాను. రెండు నెలలు ఆగి విప్పితే ఒక్కదానికీ వేరు లేదు. అన్నిటికీ బెరడు మళ్ళీ నున్నగా అతుక్కుపోయి ఉంది. హుసేన్ సాబ్ వచ్చి ఒక కొమ్మను వేలితో తడిమి చూశాడు.

“బెరడు తీసినంక కింద జిగురు పొర ఉంటది. గది గీకినవా, ఆఫీసరమ్మా?”

“కొద్దిగా గీకాను సాబ్. కొమ్మకు దెబ్బ తగులుతుందేమోనని...”

“జాలి పడ్డవ్. నువ్వు సగం గీకినవ్, చెట్టు దెబ్బ మాన్పుకున్నది. ఇగ దానికేం పరేషాన్? కింద అమ్మ తిండి పెడ్తనే ఉన్నది. కూసున్న కాడికి బువ్వొస్తుంటె ఎవడన్న పనికి పోతడా?”

ఆ రోజంతా చెట్టు చెట్టుకూ నన్ను తిప్పి, కత్తి వెనకవైపుతో తెల్ల చెక్క తేలేదాకా నా చేత గీకించాడు. ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో శిక్షణలకు వెళ్ళాను. ఇంతకంటే పనికొచ్చే మాట ఎక్కడా వినలేదు. ఇప్పుడు వేరు మందు పొడులు డబ్బాల్లో అమ్ముతున్నారు. వాడుకోండి, తప్పులేదు. కానీ కత్తి సరిగ్గా పడని చోట ఎంత పొడి చల్లినా బూడిదలో పోసిన పన్నీరే.

దుప్పటి లాగి చూసేవాళ్ళు

ఆ నర్సరీ భూమి రోడ్లకూ ఆఫీసులకూ పోయింది. నన్ను దూరం జిల్లాకు వేస్తామన్నారు. నేను వెళ్ళనని ఉద్యోగం వదిలి, గోపన్‌పల్లి దగ్గర ఒక ఐటీ క్యాంపస్‌లో చేరాను. జీతం బాగుంది, చెట్లే బాగాలేవు. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో పెద్ద చెట్లను తెచ్చి పాతడం, చచ్చినవాటి చోట మళ్ళీ తెచ్చి పాతడం. పండ్ల చెట్లు వద్దే వద్దన్నారు. పండు రాలితే కార్ల మీద మరక పడుతుందట.

లంచ్ టైములో మిద్దె తోటలు పెంచే ఉద్యోగులు నా దగ్గరికి సందేహాలతో వచ్చేవారు. ఒకబ్బాయికి నిమ్మ కొమ్మకు అంటు ఎలా కట్టాలో చూపించాను. మూడు వారాల తర్వాత ఫోనులో ఫోటోలు పట్టుకుని వచ్చాడు. రోజుకొక ఫోటో.

“మేడం, డైలీ ఓపెన్ చేసి చెక్ చేస్తున్నానండి. ప్రోగ్రెస్ ఏమీ కనిపించట్లేదు.”

“నాయనా, రోజూ దుప్పటి లాగి నిద్ర పట్టిందా అని అడుగుతుంటే ఎవరికి పడుతుంది?” అన్నాను.

పాపం, మంచి పిల్లాడు. కానీ ఈ ఐటీ కారిడార్‌లో అందరికీ ఇదే జబ్బు. ఏ పనికైనా సాయంత్రానికి స్టేటస్ తెలియాలి. కొమ్మ స్టేటస్ చెప్పదు. ఇది మొదట్లో ఒప్పుకోలేనివాళ్ళు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

అంజమ్మ అడిగింది

క్యాంపస్ వెనక, జనరేటర్ల కంచె అవతల కాస్త ఖాళీ జాగా ఉండేది. అక్కడ ఒక జామచెట్టు. మేం నాటింది కాదు, పాత చేను గట్టు మీద మిగిలిపోయింది. కాయ చూపుకు ఏమీ ఉండదు, నిమ్మకాయంత. కోస్తే లోపల లేత గులాబీ రంగు, గింజలు తక్కువ. ఒక పండు బల్ల మీద పెడితే గదంతా వాసన వచ్చేది.

మా తోటపనివాళ్ళలో అంజమ్మ ఉండేది. గోపన్‌పల్లి మనిషి, నలభై దాటాయి. మాట తక్కువ, చెయ్యి చురుకు. నేను రిటైరవ్వబోయే ఏడాది జూన్‌లో నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“మేడం, గా జామ కొట్టేస్తరంట గద. పార్కింగు కడ్తరంట.”

“అవును అంజమ్మా. దసరా అయ్యాక.”

“గా చేను మాదే ఉండె. పోయిందంటె పోయింది, గది ఎప్పటి ముచ్చట. అమ్ముకున్నం, తిన్నం. గా చెట్టు పోతదంటెనే పానం ఒప్పుతలేదు. మా అత్త పెట్టింది. నేను కాపురానికి వచ్చినప్పటి సంది గదే పండు తిన్న. ఆమె పోయింది, ఇగ ఆమెది అనేటిది గదొక్కటే ఉన్నది.”

“గింజలు వేసి చూడలేదా?”

“ఏసిన. ఇంటి ముంగట రెండు మొలిచినయి, కాసినయి. పండు సప్పగ. మీరు అంటు కడ్తరంట గద మేడం, జర కట్టురి.”

అంతకుముందు ఆమె నన్ను ఏదీ అడిగి ఎరగదు. ఆ చెట్టు ఇంకెక్కడా లేదు, అది పోతే ఆ పండు మళ్ళీ పుట్టదు. తప్పకుండా కడతానని మాట ఇచ్చాను. జూలై మొదట్లో మంచి వాన పడ్డాక ఇద్దరం కలిసి ఎనిమిది కొమ్మలకు కట్టాం. నాచు తడిపి పిండడం అంజమ్మకు ఒక్కసారి చూపిస్తే చాలింది. అయిదో వారానికి పాలిథిన్ లోంచి దారాల్లాంటి తెల్ల వేళ్ళు కనిపించాయి. అవి గోధుమ రంగు తిరిగి పిల్లవేళ్ళు వేసేదాకా కోయకూడదని చెప్పాను. అంజమ్మ తల ఊపి, ఒక్కో మూటనూ ముట్టుకోకుండా వంగి వంగి చూసింది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే మొదలు.

గ్రూపులో పెట్టిన మెసేజ్

మా ఫెసిలిటీ మేనేజర్ పేరు కిరణ్. విజయవాడ కుర్రాడు, మర్యాదస్తుడు, భయస్తుడు. ఆగస్టులో ఒక శుక్రవారం హడావిడిగా ఫోన్ చేశాడు.

“మేడం, సోమవారం క్లయింట్స్ వస్తున్నారండి. ప్లాస్టిక్ లేని క్యాంపస్ అని గేటు దగ్గర బోర్డు పెట్టాం. చూస్తే చెట్లకు నైలాన్ తాళ్ళు, కవర్లు, పాత లైట్ల వైర్లు వేలాడుతున్నాయి. ఫోటోల్లో పడితే నా పని అయిపోతుంది.”

అతను చెప్పింది నిజమే. పండగలకు లైట్లు కట్టినవాళ్ళు తాళ్ళు విప్పకుండా పోతారు, అవి కొమ్మలను కోసేస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినడంలేదని నాకూ ఒళ్ళు మండిపోయి ఉంది. ఆ కోపంలో హౌస్‌కీపింగ్, తోటపని కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ‘ఏ చెట్టుకు ప్లాస్టిక్ కట్టి ఉన్నా ఆదివారంలోగా తీసేయాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. నన్ను మళ్ళీ అడగొద్దు.’

చివరి వాక్యం ముఖ్యం. అది లేకపోతే ఎవరో ఒకరు అడిగేవారు.

ఆ జామచెట్టు నాకు గుర్తే రాలేదు. నా దృష్టిలో క్యాంపస్ చెట్లంటే మేం నాటినవి, నంబరు పలకలు ఉన్నవి. కంచె అవతలిది అంజమ్మ చెట్టు. అంజమ్మ ఆ రెండు రోజులూ చుట్టాలింట్లో పెళ్ళికి సెలవు పెట్టింది.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి ఎనిమిది కొమ్మలూ బోసిగా ఉన్నాయి. నాచు కింద పడి ఎండిపోయి ఉంది. వేళ్ళు వడిలి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. అంజమ్మ అప్పటికే వచ్చి, నాచును ఒక్కో పోగూ ఏరి గంపలో వేసుకుంటోంది. నా వైపు చూడలేదు.

పక్కనే హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఒకామెను నిలబెట్టి తిడుతున్నాడు. ఆమె పేరు రేణుక, కొత్తగా చేరింది. సంగారెడ్డి వైపు నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చి ఖాజాగూడలో కిరాయికి ఉంటోంది.

“గవి చెట్టుకు కట్టిన అంట్లు, తెల్వదా? నిన్నెవరు తియ్యమన్నరు?”

“అన్ని తియ్యమంటిరి గద సార్,” అంది రేణుక ఏడుపు గొంతుతో.

ఆ సూపర్‌వైజర్‌కు మెసేజ్ ఎవరిదో తెలుసు. నన్ను అనలేక ఆమెను అంటున్నాడు. కిరణ్ దాకా విషయం వెళ్ళింది. రేపటి నుంచి ఆమెను రావద్దన్నారు. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది, నేను నోరు విప్పలేదు. రెండు నెలల్లో రిటైరవుతున్నాను, ఇప్పుడు ఈ పనివాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవాలా అనిపించింది. దీనికి సాకులు చెప్పను. సిగ్గుపడి ఊరుకున్నాను, అంతే.

మర్నాడు పొద్దున గేటు దగ్గర రేణుక టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సెక్యూరిటీవాళ్ళు లోపలికి రానివ్వలేదు. అది చూశాక ఇక నా గదికి వెళ్ళలేకపోయాను. తిన్నగా పనివాళ్ళు హాజరు వేసుకునే చోటికి వెళ్ళాను. అందరూ ఉన్నారు, అంజమ్మ కూడా ఉంది.

“జామచెట్టుకు ఉన్న కవర్లు తీయమన్నది నేను. గ్రూపులో మెసేజ్ నాది. రేణుక నేను చెప్పిన పనే చేసింది. నిన్న చెప్పాల్సింది, చెప్పలేదు,” అన్నాను.

అంజమ్మ అంది.

“నాకెరుకే మేడం. నా ఫోన్ల గూడ వచ్చింది గద మెసేజి. ఐతారం పొద్దుమూకి మా పోరడు సదివి చెప్పిండు.”

“మరి నిన్ననే నన్ను నిలదీయకపోయావా?”

“నేనడిగితె ఏమొస్తది. మీ అంతల మీరు చెప్తరా, చెప్పరా అని చూసిన.”

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను తిట్టిన పైఅధికారులు చాలామంది ఉన్నారు. ఒక్కరి మాటా ఇంతగా తగల్లేదు.

పదిహేను రోజులు

అక్కడి నుంచి కిరణ్ దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. “అయ్యో మేడం, ముందే చెబితే పోయేది కదండీ,” అంటూ నొచ్చుకున్నాడు. అప్పటికప్పుడు హౌస్‌కీపింగ్ ఏజెన్సీవాళ్ళకు ఫోన్ చేశాడు. పదిన్నరకల్లా రేణుక చీపురు పట్టుకుని లోపల ఉంది. సగం బరువు దిగింది.

మిగతా సగం ఇంకా మీదే ఉంది. పార్కింగ్ పని దసరా దాకా ఆగదనీ, సెప్టెంబరు మొదట్లోనే మిషన్ దిగుతుందనీ కిరణ్ అప్పుడే చెప్పాడు. మా చేతిలో మూడు వారాలు కూడా లేవు. తవ్వకం రెండో వైపు నుంచి మొదలుపెట్టించమని బతిమాలాను.

“ఆ పైన ఇంకో పదిహేను రోజులు ఇప్పిస్తాను మేడం. పదహారో రోజు మాత్రం అడగొద్దు, ప్లీజ్.”

చిన్నవాళ్ళకు ఒకటి చెబుతాను. పైవాళ్ళను పెద్ద పెద్ద ధర్మాలు అడిగితే తప్పించుకుంటారు. చెట్టును బతికించమంటే కిరణ్ కాదనేవాడు. తవ్వే వైపు మార్చమంటే సరేనన్నాడు.

ఎనిమిది కొమ్మల్లో అయిదు ఎండిపోయాయి. మూడింటికి మాత్రం గాటు పై అంచున కండ కట్టి, గోరుతో గిల్లితే పచ్చిగా ఉంది. వేళ్ళు పుట్టేది ఆ కండలోంచే. అది బతికి ఉంటే మళ్ళీ మొదటి నుంచి రెండు నెలలు పట్టదు. ఎండిన పోగులు తీసేసి, కొత్త నాచు పెట్టి మళ్ళీ కట్టాం. ఈసారి పాలిథిన్ మీద అంజమ్మ పాత చీర గుడ్డ చుట్టింది. ఎవరూ పిలవకుండానే రేణుక వచ్చి ఒక అట్టముక్క మీద ‘ముట్టొద్దు’ అని రాసి చెట్టుకు వేలాడదీసింది. ఆ తర్వాత రోజూ తిండి వేళకు ఆ చెట్టు కిందికే వచ్చి కూర్చునేది. ఉడతలను కూడా అదిలించేది.

గడువు ఇంకో వారం ఉందనగా కొమ్మలకు కింద సగం దాకా గాటు పెట్టాను. తల్లి తిండి ఒక్కసారిగా మాన్పించకుండా అలవాటు చేయడం అన్నమాట. ఆఖరి రోజు విప్పితే వేళ్ళు కొన్ని గోధుమ రంగు తిరిగాయి, కొన్ని ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇంకో పది రోజులు ఉంటే బాగుండేది. లేవు. మూడూ కోసి, ఆకులు సగానికి సగం తీసేసి, కుండీల్లో పెట్టి నీడ వల కిందికి చేర్చాం. మర్నాడు మిషన్ వచ్చి అరగంటలో చెట్టును పెకిలించేసింది. అంజమ్మ రాలిన కాయలు ఏరుకుని కొంగులో పోసుకుంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కాస్త నయంగా ఉండేదేమో.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మిగిలిన ఆకులూ రాలిపోయాయి. మూడో వారంలో ఒక మొక్క కాడ నల్లబడి చచ్చిపోయింది. మిగిలిన రెండూ ఉత్త పుల్లల్లా నిలబడి ఉన్నాయి. పెకిలించి చూడాలని చేతులు దురద పెట్టేవి. నిమ్మ కొమ్మ కుర్రాడికి చెప్పిన నీతులు నాకే చెప్పుకోవాల్సి వచ్చింది. వాటిని చంపేసి ఇంటికి పోతానేమోనని అన్నం సహించలేదు.

అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున నేను ఇంకా బస్సులో ఉండగా అంజమ్మ ఫోన్ చేసింది.

“మేడం, జల్ది రారి. చిగురు ఏసింది.”

పరుగున వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. కణుపు దగ్గర రెండు ఎర్రటి మొనలు, బియ్యపు గింజంత. నాలుగు రోజులకు రెండోది కూడా చిగురించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంజమ్మ ముందే కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

నెలాఖరున రిటైరయ్యాను. శాలువా కప్పారు, కేకు కోయించారు. అదంతా అయ్యాక నీడ వల దగ్గరికి వెళ్ళాను. అంజమ్మ రెండు కుండీలనూ బయటికి తీసి, తడిగుడ్డతో అంచులు తుడుస్తోంది. రేణుక కూడా అక్కడే ఉంది. నిజం చెప్పొద్దూ, ఒకటి నాకిస్తుందనుకున్నాను. బాల్కనీలో ఒక మూల ఖాళీ చేయమని మా ఆయనకు పొద్దున్నే చెప్పి వచ్చాను కూడా.

అంజమ్మ ఒక కుండీ చంకన పెట్టుకుంది. రెండోది రేణుక చేతిలో పెట్టింది.

“తీస్కపో. దీని కోసం ఊకెనే మాటలు పడ్డవ్.”

ఆ మొక్క ఎవరికి చెందాలో వాళ్ళకే చెందింది. అది నాకు తెలుసు. అయినా నా ముఖంలో ఏదో కనిపించి ఉంటుంది.

“మొఖం గట్ల పెట్టకురి మేడం. వచ్చే వానకాలం మా ఇంటికి రారి. అప్పటికి చెట్టు జర లావైతది. మీరే అంటు కట్టుకోరి, వేర్లొచ్చినంక తీస్కపోరి.”

“నీ చెట్టు మీద మళ్ళీ నన్ను చెయ్యి వెయ్యనిస్తావా అంజమ్మా?”

“అందరి ముంగట చెప్పిన్రు గద మేడం. ఇగ అయిపాయె,” అని కుండీ ఎత్తుకుని గేటు వైపు నడిచింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత తేలిగ్గా ఇంటికి వెళ్ళిన సాయంత్రం ఇంకొకటి లేదు.